అన్నలు చదివించిన అమ్మాయి

మా కాలేజీలో ఉద్యోగ మార్గదర్శక కేంద్రం అంటే ఒక ఇనుప బీరువా, దాని తాళం చెవి, నేను. తాళం చెవి రెండో నెలలోనే పోయింది. బీరువాలో పోటీ పరీక్షల పాత పత్రికలు తప్ప ఏమీ లేవు కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు. నేను పోయినా తెలిసేది కాదేమో గానీ, ఫిజిక్సు పాఠాలు కూడా నేనే చెప్పాలి.

ఆ బాధ్యతకు నన్ను ఎన్నుకోవడానికి కారణం నా అర్హతలు కావు. ఆ రోజు స్టాఫ్ మీటింగుకు ఆలస్యంగా వచ్చాను. వేళకు వచ్చినవాళ్ళంతా అప్పటికే మర్యాదగా తప్పుకున్నారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. ఖమ్మంలో ఎమ్మెస్సీ చదివేవాళ్ళకు మార్గదర్శకంతో పెద్దగా పని ఉండేది కాదు. బీఎడ్ చేయడం, కోచింగ్ కాలేజీలో చేరి పాఠాలు చెప్పడం, లేదంటే కంప్యూటర్ కోర్సు చేసి హైదరాబాదు బస్సెక్కడం. ఏది అడిగినా "మంచిదే" అనేవాణ్ణి. నా సలహా వల్ల ఎవరూ చెడిపోలేదన్న పేరు కూడా వచ్చింది.

అలాంటి రోజుల్లో, మిర్చి సీజనులో, ఒక అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఆ సీజనులో మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి మళ్ళితే మా గోడల మీది శాస్త్రవేత్తల పటాలకు కూడా తుమ్ములొచ్చేవి. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగింది.

"సార్, న్యూక్లియర్ ఇంజనీరింగుల పై చదువులు ఏమేం ఉన్నయి సార్?"

"కూర్చోమ్మా," అన్నాను. జవాబు తెలియనప్పుడు లెక్చరర్లు అనే మొదటి మాట అదే.

ఎమ్మెస్సీ ఫిజిక్సు రెండో ఏడాది. మాట తక్కువ, మార్కులు ఎక్కువ. భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. ఇంతకీ ఈ కోరిక ఎక్కడిదని అడిగాను.

"మా బస్సుకు ఫ్యాక్టరీ కాడ ఒక స్టాపున్నది సార్. కండక్టరు గట్టిగ ‘హెవీ వాటర్, హెవీ వాటర్ దిగేటోళ్ళు రావాలె’ అని అరుస్తడు. చిన్నప్పుడు మా పెద్దన్ననడిగిన, నీళ్ళు గంత బరువుంటే ఎవలు మోస్తరు అని. ‘మోసేటోళ్ళు వేరే ఉంటరు, నువ్వు సదువుకుని పోయి సూడు’ అన్నడు."

ఉద్యోగానికి ఇంతకంటే మంచి కారణం నేను ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నప్పుడు కూడా వినలేదు.

ఇద్దరం కలిసి వెతికాం. ఇప్పటి పిల్లలకు ఫోను మీద వేలు ఆనిస్తే వచ్చే సమాచారం కోసం అప్పుడు నెట్ సెంటర్‌కు పోయి కుర్చీకి కిరాయి కట్టాలి. మొదట అమెరికా యూనివర్సిటీ పేజీ ఒకటి తెరుచుకుంది. పైనే ‘గ్రాడ్యుయేట్ డిగ్రీ’ అని ఉంది. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. "నేను గ్రాడ్యుయేట్ అయ్యే ఇక్కడికొచ్చిన గద సార్. మళ్ళ మొదటి నుంచి సదవాల్నా?" మనం పీజీ అనేదాన్ని వాళ్ళు గ్రాడ్యుయేట్ అంటారని మాకు అర్థమయ్యేలోగా కిరాయి రెట్టింపయింది. ఒకే మాట ఊరు మారితే అర్థం మార్చుకుంటుందన్న సంగతి మాకు అక్కడే బుర్రకెక్కాల్సింది. ఎక్కలేదు. నవ్వుకుని బయటికొచ్చాం.

విదేశం మాట ఆమే కొట్టేసింది. మిగిలినవి రెండు. జాతీయ స్థాయి పరీక్ష రాసి ఉత్తరాదిన ఒక పెద్ద సంస్థలో ఎంటెక్ చేయడం ఒకటి. ఫిజిక్సు ఎమ్మెస్సీ వాళ్ళకు కూడా అందులో చోటుంది. రెండోది అణుశక్తి శాఖ వాళ్ళ శిక్షణ. ఏడాది పాటు చదువు చెప్పి, చదువుతున్నంత కాలం స్టైపెండ్ ఇచ్చి, తర్వాత సైంటిస్టుగా ఉద్యోగమిస్తారు. పై డిగ్రీ అక్కడే ఉండి చేసుకోవచ్చు. ఆమె రెండింటికీ రాసింది. రెండూ వచ్చాయి. మా కాలేజీ చరిత్రలో అలాంటిది లేదు. ప్రిన్సిపాల్ గారు అందరికీ మైసూర్‌పాక్ పంచి, ఆ అమ్మాయి ఏ గ్రూపు అని నన్ను పక్కకు పిలిచి అడిగారు.

ఆమె శిక్షణ ఎంచుకుంది. "మొదటి నెల నుంచే పైసలొస్తయి సార్. ఇగ అన్నలు కూపుకు పోవద్దు." అడవిలో వెదురు నరికే చోటును కూపు అంటారు. ఆమె ఇద్దరన్నలూ సీజనంతా అక్కడే గుడిసె వేసుకుని, వెదురు కొట్టి మోపులు కట్టేవారు. తండ్రి ఆమె పలకా బలపం నాడే పోయాడు. చిన్నవాడు ఏడు చదివి మానేశాడు. పెద్దవాడు అంత దూరం కూడా పోలేదు.

ఎంటెక్ సీటు వదులుకుంది. ఆ గడువు కూడా దాటిపోయింది. శిక్షణలో చేరడానికి ఇంకొక్కటే మిగిలింది. పోలీసు విచారణ. అణుశక్తి గనుక, చేరేవాళ్ళ ఇల్లూ వాకిలీ, మంచీ చెడూ చూసి రమ్మని స్టేషనుకు రాస్తారు. ఆమెకు మంచి తప్ప ఏమీ లేదు కాబట్టి నేను నిశ్చింతగా ఉన్నాను.

ఈ కాలం పిల్లలకు ఒక సంగతి విడమరిచి చెప్పాలి. ఆ రోజుల్లో ఆ అడవి దారిలో అన్నలంటే తోబుట్టువులు మాత్రమే కారు. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగే పార్టీ వాళ్ళను జనం అన్నలనే పిలిచేవారు. "నిన్న మా ఊరికి అన్నలొచ్చిండ్రు" అని ఎవరైనా అంటే పక్కవాడు గొంతు తగ్గించేవాడు. హెవీ వాటర్, అంటే భారజలం, కూడా అంతే. చూడ్డానికి మామూలు నీళ్ళే. లోపల, కంటికి కనిపించని చోట, ఒక్కో హైడ్రోజనుకు ఒక్క కణం అదనం. ఆ నీళ్ళతో చేసిన మంచుముక్కను మన గ్లాసులో వేస్తే తేలదు. అడుక్కి పోతుంది.

రోజులు గడిచాయి. చేరమని కబురు రాలేదు. ఫోను చేస్తే, విచారణ సరిగా లేదు, ఆపి ఉంచాం అన్నారు. నేను వాళ్ళ ఊరి స్టేషనుకు పోయాను. విచారణకు వెళ్ళింది నడివయసు హెడ్ కానిస్టేబుల్. నెమ్మదస్తుడు. బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు.

"సార్, నేను సొంతంగ ఒక్క ముక్క కలపలే. ఆమె తల్లి చెప్పింది చెప్పినట్టు రాసిన."

"ఏం చెప్పింది?"

"నీ బిడ్డను ఎవరు సదివిచ్చిండ్రమ్మా అన్న. ‘ఇంకెవరు సారూ, అన్నలే’ అన్నది. ఏ అన్నలమ్మా అన్న. ‘పెద్దన్న ఫీజు కట్టిండు, చిన్నన్న పుస్తకాలు దెచ్చిండు’ అన్నది. యాడుంటరు వాళ్ళు అన్న. ‘అడవిలనే ఉంటరు సారూ. పొద్దుగూకినంక వచ్చి పైసలిచ్చి, తెల్లారకముందే పోతరు’ అన్నది." హెడ్ కానిస్టేబుల్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "గిట్లంటే నేనేం జెయ్యాలె సార్? నాకూ పిల్లలున్నరు."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత నిజాన్ని అంత కచ్చితంగా చెప్పినందుకే బిడ్డ ఉద్యోగం మునిగింది.

"వాళ్ళింటి అన్నలై ఉంటారని మీకు తోచలేదా?"

"తోచింది సార్. తోచింది రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరు. విన్నది రాయాలె."

వాళ్ళింటికి పోయాను. తలుపు మీద సున్నంతో వేసిన సిలువ, లోపల రెండు మంచాలు. తల్లి వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోసేది, మిగతా రోజుల్లో కూలికి పోయేది. నేను మాస్టారునని తెలియగానే కొంగుతో పీట తుడిచి, "పెద్దన్నా, సారుకు నీళ్ళు దే," అని కేకేసింది. తన పెద్ద కొడుకును! అప్పుడు అర్థమైంది. మన ఇళ్ళలో ఇది కొత్త కాదు. చిన్నదానికి వరసలు అలవాటు కావాలని తల్లే కొడుకును అన్నా అని పిలవడం మొదలుపెడుతుంది. చిన్నది పెద్దదవుతుంది, పిలుపు మాత్రం ఉండిపోతుంది. ఆ ఇంట్లో కొడుకులకు వేరే పేర్లున్నాయన్న సంగతి రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

మా ప్రిన్సిపాల్ గారు రాసిన ఉత్తరం వల్ల రెండో విచారణకు ఒప్పుకున్నారు. ఈసారి జిల్లా నుంచి ఒక అధికారి వస్తాడని చెప్పారు.

ఇక్కడ మా కెమిస్ట్రీ మాస్టారు రంగంలోకి దిగారు. కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర స్థిరపడిన రైతు కుటుంబం వారిది. కుర్రతనంలో నాటకాలు ఆడేవారు. తర్వాత వేషాలు రాక ఉద్యోగంలో చేరారు. "ఆవిడకు రిహార్సల్ ఇవ్వాలండీ. మాట ఒక్కటి మారిస్తే చాలు," అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఒక ఆదివారం చర్చి వదిలాక ఇద్దరం వాళ్ళింటికి చేరాం. మాస్టారు మంచం మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

"నేను అధికారిని. చెప్పమ్మా, మీ అమ్మాయిని ఎవరు చదివించారు?"

"అన్నలు సారూ."

"అదుగో! ఆ మాట అనకూడదని ఇప్పుడేగా చెప్పాను!"

"మరేమనాలె?"

"నా కొడుకులు అను."

"నా కొడుకులు," అని నోట్లో తిప్పి చూసుకుంది ఆమె. నచ్చలేదు. "నా కొడుకులైతే నన్ను సదివియ్యాలె గద సారూ. దానికి అన్నలు కాబట్టే దాన్ని సదివిచ్చిండ్రు."

మాస్టారు నా వైపు చూశారు. తర్కంలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

"పోనీ, బ్రదర్స్ అనమందామా?" అన్నారాయన.

"బ్రదర్స్ అంటే చర్చి వాళ్ళనుకుంటారు. ఆ డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందని ఇంకో విచారణ వేస్తారు," అన్నాను.

గడప మీద కూర్చున్న అమ్మాయి నవ్వింది. గోడకానుకుని కత్తి నూరుకుంటున్న పెద్దన్న, పక్కనే చిన్నన్న కూడా నవ్వారు. "గింత కష్టమెందుకు సార్? మేమే సదివిచ్చినమని నేనే చెప్త."

"నువ్వసలు నోరు తెరవకు నాయనా. అన్నవి నువ్వే," అన్నారు మాస్టారు.

అందరం నవ్వాం. తల్లి మాత్రం నవ్వలేదు. తన ఒక్క మాట వల్లే బిడ్డ ప్రయాణం ఆగిందని ఆమెకు మేం వచ్చేవరకూ తెలియదు. మేమే చెప్పాం. అప్పటి నుంచి నోటికి ఏ మాట వచ్చినా ముందు మా ముఖాలు చూసి గానీ బయటికి తీయడం లేదు. మళ్ళీ మళ్ళీ అడిగితే మళ్ళీ మళ్ళీ అదే మాట వచ్చేది. వచ్చినప్పుడల్లా నోటి మీద కొట్టుకునేది. చివరికి మాస్టారికి ఓపిక పోయింది.

"అమ్మా, ఇంత గొడవెందుకు? ఆ ఒక్క రోజుకు అన్నలు లేరనుకో. అంతే."

"లేరనుకోవాల్నా?"

"ఆఁ."

ఆమె కొడుకుల వైపు చూసింది. "సరే సారూ," అంది.

ఆ సరే ఎంత గట్టిదో మాకు తెలియలేదు. తిరుగు బస్సులో మాస్టారు తన నటన గురించి నా అభిప్రాయం అడిగారు. బాగుందన్నాను.

విచారణ రోజున మాస్టారికి పరీక్షల డ్యూటీ పడింది. నేనొక్కణ్ణే పోయాను. అధికారి కళ్ళారా చూస్తే అనుమానం తీరుతుందని అన్నలిద్దరినీ కూపు నుంచి రప్పించాం. ఊరికే నిలబడలేక ఇద్దరూ వాకిట్లో వెదురు చీల్చి తడిక అల్లుతున్నారు. జీపు ఆగింది. ఇరుగుపొరుగు తలుపులు మూసుకున్నాయి. అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. తల్లిని కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. అమ్మాయి లోపల టీ పెడుతోంది.

చదువు గురించి ఏదో అడుగుతాడని మేం అనుకున్నాం. ఆయన ఆ దారిలో ప్రతి ఊళ్ళో మొదట అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏమ్మా, ఈ వైపు అన్నలు వస్తుంటారా?"

ఆమె బడిపిల్లలా చేతులు కట్టుకుంది. నేర్చుకున్న పాఠం అప్పగించే వేళ వచ్చిందనుకుంది.

"అన్నలు లేరు సారూ."

"రారా?"

"లేరు సారూ. నా బిడ్డకు అన్నలే లేరు. నాకు ఒక్కతే బిడ్డ."

అధికారి తల ఎత్తి వాకిలి వైపు చూశాడు. "మరి వీళ్ళెవరు?"

తడిక చప్పుడు ఆగిపోయింది. ఆమె నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, అలా కాదు, నిజం చెప్పేయమ్మా అని. నా ఊపును ఆమె ఎలా చదువుకుందో ఈ రోజు దాకా తెలియదు.

"కూలోళ్ళు సారూ. తడిక కట్టనీకి వచ్చిండ్రు."

పెద్దన్న లేచి నిలబడ్డాడు. తల్లిని చూశాడు. ఆమె చేయి నోటి మీదికి పోయింది. అతను తువ్వాలు భుజం మీంచి తీసి చేతికి చుట్టుకున్నాడు.

"అవ్ సార్," అన్నాడు. "కూలికొచ్చినం."

చిన్నన్న తల దించుకుని వెదురు బద్ద ఒకటి తీసి మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచాను. ఏ సందర్భానికైనా నా దగ్గర ఒక చతురోక్తి సిద్ధంగా ఉంటుందని స్టాఫ్ రూములో నాకు పేరు. ఆ రోజు మామూలు వాక్యం కూడా రాలేదు.

లోపలి నుంచి అమ్మాయి వచ్చింది. చేతిలో టీ గ్లాసులున్నాయి. వాటిని కింద పెట్టింది. అధికారుల ముందు ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. ఇంటర్వ్యూలో పుస్తకాల తెలుగూ ఇంగ్లీషూ గడగడా మాట్లాడి వచ్చిన పిల్ల. అన్నలన్న మాటకు ఆ చోట ఎంత బరువుందో కూడా మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"వీళ్ళు మా అన్నలు సార్," అంది. "గాయన పెద్దన్న. గీయన చిన్నన్న. నన్ను సదివిచ్చింది అన్నలే."

"ఊకో బిడ్డా, ఊకో," అని తల్లి ఆమె చేయి పట్టి లాగింది.

"ఊకోనే అమ్మా. కూలోళ్ళని ఎట్లంటవే?"

అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను జీపు దాకా నడిపించుకుపోయాడు. నేను అంతా చెప్పాను. కూపు గురించి, పిలుపు గురించి, రిహార్సల్ గురించి కూడా. ఓపికగా విన్నాడు.

"మాస్టారూ, మీరు చెప్పేది నిజమే అయి ఉంటుంది. కానీ మొదటిసారి అన్నలున్నారన్నారు. ఈసారి లేరన్నారు. తర్వాత కూలివాళ్ళన్నారు. ఆ తర్వాత మళ్ళీ అన్నలన్నారు. ఇందులో ఏది నమ్మి పైకి పంపమంటారు?"

"రేషన్ కార్డు చూడండి," అన్నాను.

"కార్డు మీద పేర్లుంటాయి. ఆ పేర్లు వీళ్ళవేనని నాకు చెప్పాల్సింది ఆ తల్లి కదా."

ఆయన ఏం పంపాడో నాకు తెలియదు. శిక్షణ మొదలైంది. ఆమెకు పిలుపు రాలేదు. ఎంటెక్ సీటు అప్పటికే ఇంకెవరిదో అయిపోయింది. అన్నలు ఆ సీజనుకూ కూపుకే పోయారు. మా కెమిస్ట్రీ మాస్టారు ఆ తర్వాత కాలేజీ వార్షికోత్సవంలో కూడా వేషం వేయలేదు. అడిగితే గొంతు బాగాలేదనేవారు. అలా చాలా ఏళ్ళు బాగుపడలేదు.

ఆ అమ్మాయి ఖమ్మంలోనే ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరింది. బాగా చెబుతుందని పేరు. అణు కేంద్రకం పాఠం వచ్చినప్పుడు భారజలం మంచుముక్క మునగడం గురించి చెప్పి, ఎందుకు మునుగుతుందో చెప్పమని పిల్లల్ని అడుగుతుందట.

మరుసటి ఏడాది అదే శిక్షణకు మళ్ళీ ప్రకటన పడింది. ఆమె వయసుకు ఇంకా వీలుంది. నేను పేపరు పట్టుకుని సెలవు రోజు చూసుకుని వాళ్ళ ఊరికి పోయాను. కండక్టరు హెవీ వాటర్ అని అరిచాడు, దిగేవాళ్ళు దిగారు. నేను తర్వాతి స్టాపులో దిగాను.

ఆమె పేపరు చదివింది. మడిచి నా చేతికే ఇచ్చింది.

"వద్దు సార్."

"ఈసారి నేను ముందే పోయి చెప్పుకుంటానమ్మా."

"మీరు చెప్తరు సార్. అయినా వాళ్ళొచ్చి మళ్ళ అమ్మనే అడుగుతరు." లోపలి గదిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అమ్మను ఇంకొక్కసారి అడగనియ్య."

నేను పేపరు సంచిలో పెట్టుకున్నాను. లేద్దామనుకుంటుండగా తల్లి లోపలి నుంచి వచ్చింది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. పీట తుడిచి వేసింది. పెద్ద కొడుకు వాకిట్లో నా వైపు వీపు పెట్టి కూర్చుని గొడ్డలికి పిడి వేసుకుంటున్నాడు. సారుకు నీళ్ళు తెమ్మని కేకేసింది.

పెద్దన్నా అనలేదు. పేరు పెట్టి పిలిచింది.

అతను కదలలేదు. పక్కింటివాళ్ళను ఎవరినో పిలుస్తున్నారనుకున్నట్టు గొడ్డలి వైపే చూస్తున్నాడు. ఆమె ఇంకాస్త గట్టిగా, ఆ పేరుతోనే మళ్ళీ పిలిచింది. అప్పుడు తల తిప్పి, నన్నేనా అమ్మా, అన్నట్టు చూశాడు.